ఒకటో తరగతి ఇంగ్లిష్‌ని ఒక్కసారి చెవులతో తనిఖీ చేయండి: ప్రకాశం జిల్లా విద్యాధికారులకు బహిరంగ లేఖ

ప్రకాశం జిల్లా విద్యాశాఖాధికారి గారికి, జిల్లాలోని మండల విద్యాశాఖాధికారులందరికీ నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరైన టీచర్ని. కొండపి దగ్గర ఉంటాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆరు నుంచి పది దాకా చెప్పాను. ఇప్పుడు మా ఊరి ప్రాథమిక పాఠశాల టీచరమ్మ అడిగితే, పొద్దున పూట వెళ్లి ఒకటి, రెండు తరగతుల పిల్లలతో కూర్చుంటున్నాను. హైస్కూల్లో ఇన్నేళ్లూ చూసినదానికీ ఇక్కడ చూస్తున్నదానికీ ఉన్న లంకె గురించి, దాన్ని బట్టి మిమ్మల్ని అడగదలచుకున్న ఒక పని గురించి ఈ ఉత్తరం.

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఇది మీడియం గొడవ కాదు. 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం అని జీవో వచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలోనే చెప్పమంటుంది, 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకైనా అలా చెప్పమంటుంది. మధ్యలో 2023లో మూడో తరగతి నుంచే టోఫెల్ అనే అంతర్జాతీయ ఇంగ్లిష్ పరీక్ష అన్నారు, ఆ ముచ్చటా ఎన్నాళ్లో సాగలేదు. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. పెద్దవాళ్లు వాదించుకుంటుండగానే పిల్లాడు ఐదో తరగతి గట్టెక్కి హైస్కూలుకి వచ్చేస్తున్నాడు. ఏ మీడియంలో చదివినా ఇంగ్లిష్ అనే సబ్జెక్టు వాడికి ఒకటో తరగతి నుంచీ ఉంది. ఐదేళ్లు చదివినా ఒక లైను చదవలేకపోవడం ఏమిటన్నదే నా బాధ.

ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల పాత నోట్‌బుక్కులు చూస్తే ముచ్చటేసేది. నాలుగు గీతల పుస్తకంలో ఒక్క అక్షరం కూడా గీత దాటదు. కొందరిదైతే కలిపిరాత. ప్రశ్న నల్ల పెన్నుతో, జవాబు నీలం పెన్నుతో. ప్రతి పేజీ కింద టిక్కు, సంతకం, తేదీ. ‘రవి ఎక్కడికి వెళ్లాడు?’ అన్న ప్రశ్నకి ‘రవి మార్కెట్‌కి వెళ్లాడు’ అని చక్కటి ఇంగ్లిష్‌లో జవాబు రాసి ఉంటుంది. అదే పేజీ ముందు పెట్టి, ‘ఇందులో మార్కెట్ అనే మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమ్మా’ అంటే తల వంచుకునేవాళ్లు. మార్కెట్ అనే మాట తెలియక కాదు, వారం వారం పోయేదే. ఒకడు మాత్రం ధైర్యం చేసి, ‘చూసి రాశాను టీచర్, చదవలేదు’ అన్నాడు. వాడు చెప్పినంత సూటిగా ఆ సంగతి నాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

బోర్డు మీద రాసింది చూసి దించడం రాత కాదు. బొమ్మ గీయడం లాంటిదే. మరి ప్రైమరీ టీచర్లు ఐదేళ్లూ అదే ఎందుకు చేయిస్తారు? మీరు స్కూలుకి వచ్చినప్పుడు అడిగేది అదే కాబట్టి. నోట్‌బుక్కులు పూర్తయ్యాయా, దిద్దారా, దిద్దిన తప్పుల్ని పిల్లలు మళ్లీ సరిచేసి రాశారా అని చూస్తారు. మీ ఫారంలో ఉన్న గడులు అవి. ఒక బడిలో తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన, దిద్దని పేజీ ఒకటి దొరికిందని పిల్లల ముందే టీచర్ని నిలబెట్టి అడిగారు. ఆ క్లాసులో సగానికి పైగా పిల్లలు చిన్న చిన్న ఇంగ్లిష్ కథలు సొంతంగా చదువుతారు. అది ఆయన వినలేదు, వినిపించే సందూ ఇవ్వలేదు. మర్నాటి నుంచి ఆ టీచరు కథలు పక్కన పెట్టి నోట్‌బుక్కులు నింపించడం మొదలుపెట్టింది. ఆమెను తప్పు పట్టగలమా?

అసలు చదవడం ఎక్కడ తప్పిపోతోందో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఈ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

తెలుగులో అక్షరం పేరూ పలికే శబ్దమూ ఒకటే. ప, ల, క అని వరసగా అన్నాడంటే పలక చదివేసినట్టే. గుణింతాలు, ఒత్తులు వచ్చేసరికి కష్టపడతాడు గానీ, ఒకసారి పట్టుబడ్డాక అవి మోసం చేయవు. ఇంగ్లిష్‌లో అక్షరం పేరు ఒకటి, పలికేది ఇంకొకటి. ఇరవయ్యారు అక్షరాలు, సుమారు నలభై నాలుగు ధ్వనులు. ‘సి, ఏ, టి’ అని మూడు పేర్లూ గడగడా చెప్పిన పిల్లాడిని కలిపి చదవరా అంటే ‘సీయేటీ’ అంటాడు. వాడి లెక్క ప్రకారం అదే కరెక్టు. అప్పుడు టీచరు ‘క్యాట్’ అని అందిస్తుంది, క్లాసంతా ‘సి ఏ టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి’ అని పాడుతుంది. బయట నుంచి వినేవాళ్లకి అది చదువులాగే ఉంటుంది. పక్కనున్న పిల్లి బొమ్మ మీద చెయ్యి పెట్టి మూసేసి అడగండి, సగం మంది ఆగిపోతారు. ఇలా మాటకొకటి చొప్పున బట్టీ పడుతూ పోతే రెండో తరగతి దాటాక ఎవరి బుర్రలోనూ చోటుండదు.

ఇంగ్లిష్ సొంత భాష అయిన ఇంగ్లండులో ఏం చేస్తున్నారో చూడండి. అక్కడి బడుల్లో ముందు అక్షరాల పేర్లు కాదు, ధ్వనులు చెబుతారు. అదీ ఏబీసీడీ వరసలో కాదు. చాలా చోట్ల మొదట ఎత్తుకునేవి ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలు. ఎందుకంటే ఈ ఆరింటితోనే శాట్, సిట్, ట్యాప్, టిప్, ప్యాన్, పిన్, టిన్, యాంట్ అని బోలెడు మాటలు పుడతాయి. మనలాగా ఏబీసీడీ వరసలో పేర్లే చెప్పుకుంటూ పోతే ఎక్స్, వై, జెడ్ దాకా అక్షరాలే తప్ప మాట అనేది రాదు. ఇలా మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే పిల్లాడు తనంతట తాను ఒక మాట చదువుతాడు. 2012 నుంచి అక్కడ ఒకటో తరగతి పిల్లలకి ఒక చిన్న పరీక్ష పెడుతున్నారు. పిల్లాడు ఒక్కడే టీచరు పక్కన కూర్చుని నలభై మాటలు పైకి చదవాలి. అందులో సగం అర్థం లేని ఉత్తుత్తి మాటలు. బట్టీ పట్టినవాడు అక్కడ దొరికిపోతాడు, ధ్వనులు కలపడం వచ్చినవాడు చదివేస్తాడు. నోట్‌బుక్కు ఊసే ఉండదు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకే అంత ఓపికగా ధ్వనులు నేర్పుతుంటే, వారానికొక ఇంగ్లిష్ వాక్యం కూడా చెవిన పడని మన పిల్లల్ని సరాసరి ప్రశ్న–జవాబుల్లోకి దించుతున్నాం.

దీనికి కొత్త కిట్లు, కొత్త యాప్ అక్కర్లేదు. తెలుగు చెప్పే టీచరు దగ్గర ఒక మంచి సాధనం ముందే ఉంది, పొల్లు. న్, క్, ట్ అని అచ్చు లేకుండా ఆపి పలకడం పిల్లలకి తెలుగు పాఠంలోనే అలవాటు చేస్తాం. ఇంగ్లిష్‌లో ఎస్‌ని ‘స్’ అని, టిని ‘ట్’ అని, పిని ‘ప్’ అని అలాగే పలికిస్తే సరిపోతుంది. జాగ్రత్తగా ఉండాల్సింది ఒక్కటే, చివర ‘ఉ’ అంటుకోకుండా చూడాలి. మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి తోచదు. అందుకే బస్సు, పెన్ను, బుక్కు అంటాం. ఇంట్లో, బజారులో ఎలా అన్నా నష్టం లేదు. కానీ ధ్వనులు కలిపేటప్పుడు ‘టు, యా, పు’ అంటే ట్యాప్ ఎప్పటికీ రాదు.

మా రెండో తరగతిలో ఒక పాప ఉంది. అమ్మానాన్నలు పొగాకు పనికి పోతారు. బోర్డు మీద మూడు చిన్నక్షరాలు రాసి చదవమంటే ముందు పెదాలు మాత్రం కదిలించింది. ‘ట్’ అని ఆగింది. మళ్లీ మొదటికొచ్చి ‘ట్... యా’ అంది. చివరి అక్షరం దగ్గర పెదాలు గట్టిగా మూసి, ఠక్కున తెరిచి ‘ట్యాప్’ అంది. వెంటనే నా వైపు తిరిగి, ‘మా ఇంటికాడ గూడా ట్యాపుంది టీచర్, నీళ్లే రావు’ అంది. క్లాసంతా నవ్వారు. (నీళ్ల సంగతి మీ శాఖ కాదు, తెలుసు.) ఆ పాప నోట్‌బుక్కు మాత్రం తనిఖీలో నిలబడదు. అక్షరాలు ఇంకా వంకరగానే ఉన్నాయి.

చిన్నక్షరాలన్నాను కాబట్టి ఇంకో మాట. పుస్తకంలో దాదాపు అన్నీ చిన్నక్షరాలే ఉంటాయి. మనమేమో పెద్ద ఏ, పెద్ద బి అంటూ నెలల తరబడి దిద్దిస్తాం. అందులో చిన్న బి, డి, పి, క్యూ నాలుగూ ఒకే ఆకారం, అటూ ఇటూ తిప్పినవి. పిల్లలు తికమకపడేది వీటి దగ్గరే, టైం పెట్టాల్సిందీ ఇక్కడే. కలిపిరాత మూడో తరగతి దాకా ముట్టుకోనవసరం లేదు.

ధ్వనులతో అన్నీ అయిపోవు, అదీ నిజమే. ద, వాజ్, సెడ్, ఆఫ్, కమ్ లాంటి మాటలు రాసినట్టు పలకవు. వీటిని చూడగానే గుర్తుపట్టేలా చేయాలి. ఎడ్వర్డ్ డోల్చ్ అనే అమెరికన్ ప్రొఫెసరు 1936లోనే పిల్లల పుస్తకాల్లో పదే పదే వచ్చే 220 మాటల జాబితా తయారుచేశాడు. అట్టముక్కల మీద రాసి వారానికి రెండు మూడు కొత్తవి చూపిస్తే రెండేళ్లలో అయిపోతాయి. పాత పెళ్లికార్డుల వెనక తెల్లగానే ఉంటుంది.

రాయించడానికి పలక మంచిది. మన మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతా పోయేవి, ఇప్పుడు ఈ చుట్టుపక్కల బడుల్లోనే కనపడడం తగ్గింది. పలక మీద తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాస్తారు. విన్న మాటని తనకు తోచిన అక్షరాలతో రాసి చూసుకోవడం రాత నేర్చుకోవడంలో పెద్ద మెట్టు. నోట్‌బుక్కులో టీచరు ఆ అవకాశం ఇవ్వదు, ఎందుకంటే ఆ తప్పు రేపు మీ కంట పడుతుంది. పలక మీద జరిగిన చదువుకి సాక్ష్యం మిగలదు. అందుకే పలక పోయింది, నా అనుమానం.

ఇక మాట్లాడటం. ఇంగ్లిష్ మాట్లాడించడమంటే మన బడుల్లో ‘మేయైకమిన్ టీచర్’ అని ఊపిరి తీసుకోకుండా అనిపించడం, రెండు రైమ్స్, చుట్టాలొచ్చినప్పుడు చెప్పే సెల్ఫ్ ఇంట్రడక్షన్. అదే పిల్లలకి ఇంగ్లిష్ మాటలు ఎన్ని తెలుసో కూర్చుని రాస్తే ఆశ్చర్యం వేస్తుంది. పొగాకు పండే మా వైపు పిల్లలకి బేలు, గ్రేడు, బ్యారన్, ఆక్షన్, లోడు, టార్పాలిన్ తెలుసు. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి వైపు పిల్లలైతే బ్లాకు, క్రేను, కట్టరు, పాలిషింగు అంటారు. మోటారు, స్టార్టరు, చార్జరు, బ్యాలెన్సు అందరికీ తెలుసు. మాటలున్నాయి, వాటిని కలిపే వాక్యం లేదు. ‘ద లారీ ఈజ్ బిగ్’, ‘ద లారీ ఈజ్ ఫుల్’, ‘వేర్ ఈజ్ ద లారీ?’ అని మొదలుపెడితే నోరు విప్పని పిల్లలు ఉండరు. పుస్తకంలో ఉన్న జూ, ఎయిర్‌పోర్టు తరవాత చెప్పుకోవచ్చు.

మాట్లాడాలంటే ముందు వినాలి. ఒకటో తరగతిలో ఇంగ్లిష్ పీరియడంతా వినడం, చేయడం, పలకడమే ఉండనివ్వండి. లేచి నిలబడు, తలుపు దగ్గరికి వెళ్లు, ఎర్ర చాక్‌పీసు తీసుకురా అని టీచరు ఇంగ్లిష్‌లో చెబితే పిల్లలు చేసి చూపించాలి. అదే ఆట, అదే పాఠం. మాట వెంటనే రాకపోతే కంగారు పడి వెంటపడకూడదు. సొంత భాషైనా పిల్లలు ఏడాది విన్నాకే మాట్లాడతారు. తెలుగులో జవాబు చెప్పినా సరే అనాలి. కొన్ని ప్రైవేటు బడుల్లో తెలుగు మాట్లాడితే ఫైను వేస్తారు. అక్కడ పిల్లలు నేర్చుకునేది ఇంగ్లిష్ కాదు, నోరు మూసుకోవడం. మన బడులకి ఆ జబ్బు అంటకుండా చూడండి.

స్మార్ట్ టీవీల గురించి తక్కువే చెబుతాను. ఉన్నచోట వాడుకోవచ్చు, ఉచ్చారణ వినిపించడానికి బాగుంటుంది. టీవీ మాట్లాడుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, అంతే. పిల్లాడు అన్నది విని ‘మళ్లీ చెప్పు’ అనేది టీచరే.

తెలుగు చదవడం రాని పిల్లాడికి ఇంగ్లిష్ చదవడం రాదు, ఇది హైస్కూల్లో ఎన్నేళ్లో చూసిన సంగతి. అక్షరాల్ని కలిపితే మాట అవుతుందన్న కిటుకు ఒక భాషలో పట్టుబడాలి, అది ఇంటి భాషలో తొందరగా పట్టుబడుతుంది. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకం లక్ష్యమూ, 2026–27 కల్లా మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లాడూ అర్థం చేసుకుంటూ చదవాలనే. ఆ గడువు ఇదిగో వచ్చేసింది. 2020–21 నుంచి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఇస్తున్నారు. మంచి ఆలోచనే. కానీ చాలా క్లాసుల్లో ఇంగ్లిష్ పేజీ టీచరు చదివి తెలుగు పేజీ పిల్లలకి వదిలేస్తున్నారు. తెలుగు పేజీ పిల్లాడే చదివి కథ చెప్పాక, ఇంగ్లిష్ పేజీలో తనకి తెలిసిన మాటల కింద పెన్సిల్‌తో గీత గీయమంటే రెండు పేజీలకీ విలువ వస్తుంది.

తల్లిదండ్రుల ఒత్తిడి గురించి కూడా చెప్పాలి. మెగా పీటీఎంలో, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సమావేశంలో ఒకమ్మ లేచి, ‘పక్కింటి పిల్ల వ్యాన్లో పోయే బడికి పోతుంది, ఎల్‌కేజీకే నాలుగు పుస్తకాలు నిండిపోయినై, మావాడి పుస్తకం ఖాళీగా ఉందేంది?’ అని అడిగింది. ఆమెకి కనిపించేది పుస్తకమే, టెన్షన్ పడటంలో వింత లేదు. మా టీచరమ్మ ఏమీ చెప్పకుండా వాళ్లబ్బాయిని పిలిచి, వాడెప్పుడూ చూడని ఒక అట్టముక్క చేతికిచ్చింది. వాడు కూడబలుక్కుని మూడు లైన్లు చదివాడు. ఆమె మళ్లీ పుస్తకం ఊసెత్తలేదు. తల్లిదండ్రుల సమావేశంలో ఉపన్యాసాలు తగ్గించి, ప్రతి పిల్లాడినీ వాళ్లమ్మ ముందు ఒక్క నిమిషం చదివించమని మీరు చెబితే చాలు.

టీచర్ల వైపు నుంచి రెండు ఇబ్బందులున్నాయి. ఒకరే ఐదు తరగతులు చూసుకునే బడులు మన జిల్లాలో తక్కువేం లేవు. వాళ్లకి రోజుకి గంట ఇంగ్లిష్ అంటే కుదిరే పని కాదు. పొద్దున మొదటి ఇరవై నిమిషాలు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు చిన్నపిల్లల పక్కన కూర్చుని అట్టముక్కలు చదివించే ఏర్పాటు చేసుకోవచ్చు. కనీసం ఆ ఇరవై నిమిషాలైనా హాజరు ఫొటో, భోజనం ఫొటో, గ్రూపులో అర్జెంట్ మెసేజ్ లేకుండా వదిలేయమని నా మనవి.

రెండోది, ప్రైమరీలో చెప్పే ఎస్జీటీల్లో (సెకండరీ గ్రేడ్ టీచర్లు) చాలామంది తెలుగు మీడియంలోనే చదువుకున్నారు. ఇంగ్లిష్‌లో నోరు విప్పాలంటే వాళ్లకే బెరుకు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పీపీటీలు చూపిస్తారు, టీ తాగి వస్తారు. ఆ సమావేశంలో అరగంట, ప్రతి టీచరూ ఒక పిల్లల కథ పైకి చదవాలి, ఇందాక చెప్పిన ఆరు ధ్వనులూ పలకాలి అని పెట్టండి. మొదట్లో నవ్వుకుంటారు. తోటివాళ్ల ముందు తప్పు పలికి సరిదిద్దుకోవడం పిల్లల ముందు తడబడటం కంటే నయం. హైస్కూల్ ఇంగ్లిష్ టీచర్లని కూడా ఆ పూట అక్కడికి పంపండి. ఆరో తరగతిలో మొత్తుకునే బదులు ఒకటో తరగతిలో సాయం చేస్తారు.

వందేళ్లకి ముందే మద్రాసు ప్రెసిడెన్సీలో జె.ఎ. యేట్స్ అనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఇంకొకటి ఎందుకుందని ఆయనకి సందేహం వచ్చింది. ఆ సందేహం గిడుగు రామమూర్తి గారి దాకా వెళ్లి వాడుకభాష ఉద్యమానికి ఒక కారణమైంది. తనిఖీకి వచ్చినవాడు చెవులు పెట్టి వింటే ఎంత దూరం పోతుందో అనడానికి మనకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

కాబట్టి నేను అడిగేది మీ తనిఖీ ఫారంలో ఒక్క గడి. ‘ఐదుగురు పిల్లలు చదవగా విన్నాను’ అని. ఏ కాగితం చదివించాలా అని ఆలోచించనక్కర్లేదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వేలో వాడే పద్ధతి ఉంది. ఒకే కాగితం మీద పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, చిన్న మాటలు, తేలిక వాక్యాలు ఉంటాయి. పిల్లాడు ఎక్కడి దాకా రాగలడో అక్కడ ఆపి, చదివినదానికి అర్థం అడుగుతారు. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు. నోట్‌బుక్కుల కట్ట తిరగేసే టైములో అయిపోతుంది. ఆ రోజు వచ్చిన ఫలితాన్ని బట్టి టీచరుకి మెమో ఇవ్వకండి. అలా ఇస్తే ఆ కాగితాన్నే బట్టీ పట్టిస్తారు, మళ్లీ మొదటికొస్తాం. మూడు నెలల తరవాత వచ్చి అదే పిల్లల్ని విని, ఎంత ముందుకొచ్చారో రాసుకోండి.

పిల్లల పేర్లు మాత్రం హాజరుపట్టీ చూసి మీరే పిలవండి. ‘ఎవరైనా ఐదుగురిని లేపమ్మా’ అని టీచర్ని అడిగితే ముందు వరసలో వాళ్లనే లేపుతుంది. నేనైనా అదే చేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా.